తోట కుక్క అడవిలోకి పోతే కేసు ఎవరి మీద? అడవి అంచు ఊళ్లవాళ్లు తెలుసుకోవాల్సిన రూల్స్

వేంపల్లె: మన వేంపల్లె నుంచి ఎటు పోయినా అరగంటలో కొండో, కంపచెట్ల బీడో తగులుతుంది. గండి దగ్గర పాపాఘ్ని నది కొండను చీల్చుకుని వచ్చే చోటు గానీ, ఇడుపులపాయ వైపు గానీ చూడండి. చీనీ తోటలు, అరటి తోటలు, శనగకాయ చేలు అడవిని ఆనుకునే ఉంటాయి. తోటకు ఒక కుక్క, గొర్రెల మందకు రెండు మూడు కుక్కలు మామూలే. పగలంతా నీడన పడుకునే ఈ కుక్కలు రాత్రి అయితే గట్టు దాటి అడవిలోకి పోతాయి. పొద్దున మూతికి రక్తంతో తిరిగొస్తే "చెవులపిల్లిని పట్టినట్టుందిలే" అని నవ్వుకుని వదిలేస్తాం.

నవ్వుకునే విషయం కాదిది. ఆ చెవులపిల్లి, అంటే కుందేలు, వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువు. కుక్కను ఉసిగొల్పింది మనమే అయితే అది మన మీద వేట కేసు. ఉసిగొల్పకపోయినా నష్టం మాత్రం జరిగిపోయినట్టే. అసలు కుక్కల వల్ల అడవి జంతువులకు ఏమవుతుంది, చట్టం ఏం చెబుతోంది, తోట కాపలా చెడకుండా మనం ఏం చేయొచ్చు అన్నది వివరంగా చూద్దాం.

కుక్క ఒక్కటి ఏం చేస్తుందిలే అనుకోవద్దు

న్యూజిలాండ్‌లో కివి అని ఎగరలేని పక్షి ఉంది. 1987లో అక్కడి వైటాంగి అడవిలో ఒక జర్మన్ షెపర్డ్ కుక్క ఎవరి అదుపూ లేకుండా తిరిగింది. పరిశోధన కోసం ట్రాన్స్‌మిటర్లు కట్టిన 24 కివిల్లో 13 చనిపోయేసరికి విషయం బయటపడింది. ట్రాన్స్‌మిటర్లు లేనివి కూడా కలిపి ఆ ఒక్క కుక్క 500 దాకా పక్షుల్ని చంపి ఉంటుందని అంచనా వేశారు. అది తోడేలూ కాదు, పిచ్చికుక్కా కాదు. మెడలో బెల్టు ఉన్న కుక్కే.

మన దేశం సంగతి కూడా తక్కువేం లేదు. కుక్కల దాడుల గురించి దేశవ్యాప్తంగా సమాచారం సేకరించి 2018లో పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. కుక్కలు 80 రకాల వన్యప్రాణుల మీద దాడి చేసినట్టు అందులో తేలింది. వాటిలో 31 రకాలు అంతరించే ముప్పు జాబితాలో ఉన్నవి. దాడుల్లో దాదాపు సగం జంతువు చావుతోనే ముగిశాయి. దాడుల్లో దాదాపు 48 శాతం అభయారణ్యాల లోపల, వాటి చుట్టుపక్కల జరిగినవే. అంటే మనలాంటి అడవి అంచు ఊళ్లే ఇందులో ముఖ్యం.

కరవడం ఒక్కటే నష్టం కాదు. మహారాష్ట్రలోని నన్నజ్ గడ్డిమైదానాల్లో గుంటనక్కల మీద పరిశోధన జరిగింది. దగ్గరలో కుక్క ఉంటే చాలు, గుంటనక్కలు తిండి దగ్గర ఎక్కువ సేపు నిలవలేదు, తినడం తగ్గించేశాయి. కుక్క ముట్టుకోలేదు కూడా. భయంతోనే కడుపు మాడ్చుకున్నాయి. ఎండాకాలం మన దగ్గర జరిగేదీ ఇలాంటిదే. పాపాఘ్ని ఎండిపోయాక జంతువులకు మిగిలేవి ఏటి ఇసుకలో చెలమలు, ఫారెస్టు వాళ్లు కట్టించిన సాసర్ పిట్లు, తోటల్లో డ్రిప్ పైపుల దగ్గర కారే నీళ్లు. ఆ నీళ్ల దగ్గర రెండు కుక్కలు పడుకుంటే దుప్పి గానీ, జింక గానీ దప్పికతో వెనక్కి పోతుంది, లేదంటే ప్రాణాలకు తెగించి వస్తుంది.

ఇంకో సంగతి. కుక్కలు తరిమిన జింకను జనం కాపాడినా కొన్నిసార్లు కాసేపటికి చనిపోతుంది. ఒంటి మీద గాయం కూడా పెద్దగా ఉండదు. విపరీతంగా పరిగెత్తి, భయపడినప్పుడు దాని కండరాలు దెబ్బతిని గుండె, కిడ్నీలు పాడైపోతాయి. అందుకే "కుక్క కరవలేదుగా, తరిమింది అంతేగా" అనే మాట చెల్లదు.

మన జిల్లా పక్షి కథ

మన కడప జిల్లాకు ప్రపంచ పటంలో ఒక ప్రత్యేకమైన చోటు ఉంది. అది కలివికోడి వల్ల. ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్ అంటారు. మద్రాసు సైన్యంలో డాక్టరుగా పనిచేసిన థామస్ జెర్డాన్ 1848 ప్రాంతంలో దీని గురించి లోకానికి చెప్పాడు. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు. 86 ఏళ్ల తర్వాత, 1986 జనవరిలో, మన జిల్లా లంకమల అడవుల దగ్గర రెడ్డిపల్లె ప్రాంతంలో మళ్లీ దొరికింది. బాంబే నాచురల్ హిస్టరీ సొసైటీ తరఫున వెతికిన భరత్ భూషణ్‌కు దాన్ని చూపించింది ఐతన్న అనే స్థానిక వేటగాడు. ఆ పక్షి కోసమే 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పాటైంది. తెలుగుగంగ కాలువ దారిని కూడా ఆ పక్షి కోసమే మార్చాల్సి వచ్చింది. 2008 తర్వాత మళ్లీ జాడ లేదు. 2025 ఆగస్టులో దాని కూత రికార్డయిందని పక్షి ప్రేమికులు ప్రకటించాక ఆశ మళ్లీ చిగురించింది.

కలివికోడి రాత్రిపూట తిరిగే పక్షి. కలివి, రేగి, తుమ్మ పొదల మధ్య ఉండే ఖాళీ నేల మీద పరిగెత్తుతుంది. ఆ జాతి పక్షులు చెట్టెక్కి గూడు కట్టవు, నేల మీదే గుడ్డు పెడతాయి. కలివికోడి గుడ్డు ఎంత అరుదైనదంటే, స్కాట్లాండ్‌లోని అబర్డీన్ యూనివర్సిటీ మ్యూజియంలో ఎన్నడో దాచిన ఒక గుడ్డు దీనిదేనని 2013లో గుర్తించినప్పుడు అది ప్రపంచ వార్త అయింది.

నిజాయితీగా చెప్పుకోవాలంటే, కలివికోడి ఇంత అరుదైపోవడానికి మొదటి కారణం కుక్క కాదు. పొదలు నరికి చేలు చేయడం, కాలువలు, రోడ్లు, కట్టెలు కొట్టడం, ఇవి పెద్ద కారణాలు. కానీ ఒక జాతి అంచుకు వచ్చేశాక చిన్న దెబ్బ కూడా పెద్దదే. నేల మీద గుడ్డు పెట్టే పక్షికి, రాత్రిపూట వాసన పట్టుకుని తిరిగే కుక్కకు మధ్య పోటీ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. కౌజు, తీతువు, నెమలి కూడా నేల మీదే గుడ్లు పెడతాయి. వీటిలో చాలావాటికి గుడ్ల కాలం ఎండాకాలంలో మొదలై వానాకాలం దాకా సాగుతుంది.

ఉమ్మడి కర్నూలు జిల్లా రోళ్లపాడు కథ ఇంకా బాధాకరం. బట్టమేక పక్షి కోసం 1988లో అక్కడ అభయారణ్యం పెట్టారు. ఇప్పుడు అక్కడ కృష్ణజింకలు కనిపిస్తాయి గానీ బట్టమేక కోసం వెళ్లినవాళ్లు ఉత్త కళ్లతో తిరిగి రావాల్సిందే. దేశం మొత్తం మీద ఆ పక్షులు ఎక్కువగా మిగిలింది రాజస్థాన్ ఎడారిలో. అక్కడ కూడా కరెంటు తీగల తర్వాత చెప్పుకునే ముప్పుల్లో ఊరకుక్కలు ఒకటి.

రోగం కూడా వెంట పోతుంది

కుక్క అడవిలోకి ఒక్కతే పోదు. తన రోగాల్ని కూడా తీసుకుపోతుంది. వాటిలో ముఖ్యమైనవి రెండు: రేబిస్, కెనైన్ డిస్టెంపర్. 1994లో ఆఫ్రికాలోని సెరెంగెటిలో డిస్టెంపర్ వైరస్ వల్ల మూడో వంతు సింహాలు, అంటే సుమారు వెయ్యి, చనిపోయాయి. ఆ వైరస్ మూలం చుట్టుపక్కల పల్లెల కుక్కలేనని శాస్త్రవేత్తలు భావించారు. మన దేశంలో 2018 సెప్టెంబరులో గిర్ అడవిలో కొద్ది రోజుల్లోనే 20కి పైగా సింహాలు చనిపోతే వాటిలో కొన్నింటిలో ఇదే వైరస్ బయటపడింది.

మన శేషాచలం కొండల్లో రేచుకుక్కలు ఉన్నాయి. నక్కలు, గుంటనక్కలు ఉన్నాయి. ఇవన్నీ కుక్క జాతికి చెందినవే కాబట్టి కుక్క రోగం వీటికి సులభంగా అంటుకుంటుంది. తిరుగు ప్రయాణంలో నక్క నుంచి కుక్కకు, కుక్క నుంచి మనకు రేబిస్ రావచ్చు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు లేదు. అందుకే టీకా విషయంలో అడవి మేలు, మన పిల్లల మేలు వేర్వేరు కాదు.

చట్టంలో ఏముంది?

"కుక్కకు గొలుసు కట్టాల్సిందే" అనే వాక్యం వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో లేదు. అందుకే చాలామంది రూలే లేదనుకుంటారు. కానీ వేరే సెక్షన్లు అదే పని చేస్తాయి.

మొదటిది, వేట అంటే ఏమిటి అన్న నిర్వచనం. తుపాకీతో కాల్చడం, ఉచ్చు వేయడం మాత్రమే కాదు. జంతువును వెంటాడడం, తరమడం, ఎర వేయడం, వీటికి ప్రయత్నించడం కూడా సెక్షన్ 2 ప్రకారం వేటే. కుక్కల్ని వెంటేసుకుని పోయి కుందేలు మీదికి ఉసిగొల్పితే, కుందేలు తప్పించుకున్నా సరే, అది వేట ప్రయత్నం. సెక్షన్ 9 వేటను నిషేధిస్తుంది.

రెండోది, శిక్ష. 2022లో చట్టాన్ని సవరించాక మామూలు నేరానికి 3 ఏళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అదే షెడ్యూల్ 1లోని జంతువైతే, లేదా వేట అభయారణ్యం లోపల జరిగితే, కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్లు జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. నెమలి, కృష్ణజింక, అలుగు, ఉడుము షెడ్యూల్ 1లోనివే.

మూడోది, చాలామంది చిక్కుకునేది ఇక్కడే. "నేను వేటాడలేదు సార్, కుక్క పట్టుకొచ్చింది, కూర వండుకున్నాం" అంటే కుదరదు. సెక్షన్ 39 ప్రకారం చనిపోయిన వన్యప్రాణి కూడా ప్రభుత్వ ఆస్తి. దొరికినవాళ్లు 48 గంటల్లోగా పోలీసులకో, ఫారెస్టు వాళ్లకో చెప్పాలి. మాంసం ఇంట్లో దొరికితే అది అక్రమం కాదని నిరూపించుకోవాల్సిన భారం సెక్షన్ 57 కింద మన మీదే పడుతుంది. సెక్షన్ 50 కింద వేటకు వాడిన పనిముట్లు, బండ్లు సీజ్ చేసే అధికారం ఉంది. అంటే కుందేలుతో పాటు మోటార్ సైకిల్ కూడా పోతుంది.

నాలుగోది, అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ఎవరు పోవచ్చో సెక్షన్ 27 లెక్కగట్టి చెబుతుంది. మిగతావాళ్లు పర్మిట్ తీసుకోవాలి. మనిషికే పర్మిట్ కావాల్సిన చోటికి కుక్కను తోలుకుపోవడం ఏ లెక్కన చూసినా కుదరదు.

కుక్క మనుషుల మీద పడితే అది వేరే నేరం. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 291 ప్రకారం జంతువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా జాగ్రత్త తీసుకోని యజమానికి 6 నెలల దాకా జైలు, లేదా 5 వేల దాకా జరిమానా, లేదా రెండూ పడొచ్చు.

వేరే దేశాల్లో రూలు ఇంకా సూటిగా ఉంటుంది. ఇంగ్లండ్‌లో జనం నడిచే బీడు, కొండ ప్రాంతాల్లో మార్చి 1 నుంచి జూలై 31 దాకా కుక్కకు 2 మీటర్లకు మించని తాడు ఉండాలి. ఎందుకంటే అది నేల మీద పక్షులు గుడ్లు పెట్టే కాలం. అమెరికా జాతీయ పార్కుల్లో తాడు పొడవు 6 అడుగులు దాటకూడదు. మనకు తేదీలు రాసిన రూలు లేకపోయినా, ఉగాది నుంచి వానాకాలం ముగిసే దాకా మనంతట మనమే పాటిస్తే సరిపోతుంది.

గొలుసు అంటే 24 గంటలు కట్టేయడం కాదు

ఇది కూడా చట్టమే. జంతు హింస నివారణ చట్టం, 1960 సెక్షన్ 11 ప్రకారం మరీ పొట్టి గొలుసుతో, మరీ బరువైన గొలుసుతో ఎక్కువసేపు కట్టేయడం నేరం. ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తిప్పకపోవడం కూడా నేరమే. కోపంతో విషం పెట్టి చంపితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 కింద 5 ఏళ్ల దాకా జైలు. పైగా ఆ విషం తిన్న కుక్కను నక్క తింటే నక్క, గద్ద తింటే గద్ద పోతాయి.

తోట రైతులు అడిగే ప్రశ్న న్యాయమైనదే. "కట్టేస్తే అడవిపందుల్ని ఎవరు తరమాల?" అంటారు. కుక్క పని పందిని చంపడం కాదు, అరిచి మనల్ని లేపడం. ఆ పనికి తోట మధ్యలో పొడవాటి తీగ కట్టి, ఆ తీగ మీద జారే రింగుకు కుక్క తాడు తగిలిస్తే చాలు. ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతుంది, గట్టు దాటదు. నీళ్లు, నీడ అందేలా చూడాలి. పంట నష్టం ఉంటే ఫొటోలు తీసి ఫారెస్టు ఆఫీసులో అర్జీ పెట్టుకోవడం దారి. కుక్కల్ని వదిలి పందుల్ని చంపించడం మాత్రం మళ్లీ వేట కిందికే వస్తుంది.

గొర్రెల కాపరుల సంగతి వేరు. మంద కదులుతున్నప్పుడు కుక్కకు తాడు వేయడం అయ్యే పని కాదు. వాళ్లు చేయగలిగింది ఉంది. రాత్రి చేలో మంద కట్టినప్పుడు కుక్కల్ని మంద దగ్గరే కట్టుకోవడం, వాటికి కడుపునిండా పెట్టడం, టీకా వేయించడం. పొగరుబోతు ఎద్దుకు మెడలో గుదికర్ర కట్టిన ఊళ్లు మనవి. పశువును అదుపులో పెట్టడం మనకు కొత్తగా నేర్పాల్సిన విద్య కాదు.

వేటకుక్క పట్టింది హలాల్ కదా?

మన పాఠకుల్లో కొందరు యువకులు ఈ మాట అంటారు కాబట్టి చెప్పాలి. శిక్షణ ఇచ్చిన జంతువు పట్టిన వేట షరతులతో హలాల్ అని ఖురాన్‌లో సూరా అల్ మాయిదాలో ఉన్న మాట నిజమే. అది తినడం గురించిన అనుమతి. వేటాడి తీరాలన్న ఆదేశం కాదు. అదే సూరాలో ఇహ్రామ్‌లో ఉన్నప్పుడు వేట నిషేధం కూడా ఉంది. అంటే వేటకు హద్దులు ఉండడం మన దీన్‌కు కొత్త కాదు. దేశ చట్టం నిషేధించిన వేటకు, జైలుకు పోయి ఇంటివాళ్లను ఏడిపించే పనికి దీన్ పేరు అడ్డం పెట్టుకోవడం సరి కాదు. దప్పికతో ఉన్న కుక్కకు నీళ్లు పోసినందుకు ఒక మనిషి పాపాలు క్షమించబడ్డాయన్న హదీసు కూడా మనదే. కుక్కను బాగా చూసుకోవడం, దాన్ని అదుపులో పెట్టడం రెండూ కలిసి పోవాల్సినవే.

ఊరకుక్కల గుంపులు ఎక్కడి నుంచి వస్తున్నాయి?

పెంపుడు కుక్కకు యజమాని ఉన్నాడు. ఊరకుక్కకు ఎవరు? జంతు జనన నియంత్రణ నిబంధనలు, 2023 ప్రకారం వీధికుక్కలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, టీకాలు స్థానిక సంస్థల బాధ్యత. పెంపుడు కుక్కల విషయంలో అవే బాధ్యతలు యజమానివి. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22 నాటి ఉత్తర్వులో ఆపరేషన్, టీకా అయిన కుక్కల్ని ఉన్న చోటికే వదలాలని, రేబిస్ ఉన్నవాటిని, దూకుడు కుక్కల్ని మాత్రం వదలకూడదని చెప్పింది. వీధుల్లో ఎక్కడపడితే అక్కడ తిండి పెట్టకుండా దానికి వేరే చోట్లు చూపించాలని కూడా చెప్పింది.

ఇందులో మన వంతు కూడా ఉంది. చికెన్, మటన్ అంగళ్ల వ్యర్థాలు బస్తాల్లో కట్టి ఊరి బయట, అడవి రోడ్డు పక్కన పారేస్తే ఏమవుతుంది? అక్కడే కుక్కల గుంపు తయారవుతుంది. అక్కడే పిల్లల్ని పెడుతుంది. వ్యర్థాలు దొరకని రోజు పక్కనే ఉన్న అడవిలోకి పోతుంది. కడుపు నిండిన కుక్క కూడా వేటాడడం మానదు, కాబట్టి "తిండి పెడుతున్నాం కదా" అన్నది జవాబు కాదు. బక్రీద్ నాడు ఖుర్బానీ వ్యర్థాల్ని లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చితే ఊరికీ మేలు, అడవికీ మేలు. మసీదు కమిటీలు పండక్కి ముందు జుమా రోజున ఒక్క మాట ప్రకటిస్తే ఇది సులభంగా జరిగే పని.

లెక్క వేసి చూద్దాం

బెల్టు, గొలుసు కలిపి కొన్ని వందలు. జారే తీగ ఏర్పాటుకు ఇంకొన్ని వందలు. రేబిస్ టీకాను జూలై 6న, ప్రపంచ జూనోసిస్ దినం నాడు, పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగానే వేస్తారు. ఇటు పక్క ఖర్చు ఇంతే. అటు పక్క చూస్తే లక్ష దాకా జరిమానా, లాయరు ఫీజు, కోర్టు వాయిదాలు, సీజ్ అయిన బండి. కుర్రాడు గవర్నమెంటు ఉద్యోగానికి ప్రయత్నిస్తుంటే పోలీస్ వెరిఫికేషన్‌లో కేసు బయటపడుతుంది. ఒక్క కుందేలు కూర కోసం ఇంత నష్టం ఏ ఖాతాలో రాసుకుంటాం?

గుర్తుపెట్టుకోవాల్సినవి

- అడవి, ఏరు, బీడు దగ్గర కుక్కను తిప్పేటప్పుడు 2 మీటర్లకు మించని తాడు చేతిలో ఉండాలి. ఫజర్ తర్వాత, మగ్రిబ్ తర్వాత జంతువులు ఎక్కువగా తిరుగుతాయి. అప్పుడు మరీ జాగ్రత్త.
- రాత్రిపూట తోట కుక్కను జారే తీగకు కట్టాలి. పగలు కాసేపైనా తిప్పాలి.
- అభయారణ్యంలోకి కుక్కను తీసుకుపోకూడదు. గండికి, లంకమలకు పోయేటప్పుడు ఇంట్లోనే వదిలేయాలి.
- ఏటా రేబిస్ టీకా వేయించాలి. డిస్టెంపర్ టీకా గురించి పశువైద్యుణ్ని అడగాలి. పిల్లలు వద్దనుకుంటే ఆపరేషన్ చేయించాలి. పుట్టిన కూనల్ని అడవి దగ్గర వదిలిపెట్టవద్దు.
- కుక్కలు జింకను తరుముతుంటే కుక్కల్ని అదిలించండి. జింక దొరికితే చుట్టూ గుమికూడవద్దు, సెల్ఫీలు వద్దు, బలవంతంగా నోట్లో నీళ్లు పోయవద్దు. కళ్ల మీద గుడ్డ కప్పి, నీడలో ఉంచి, వెంటనే ఫారెస్టు వాళ్లకు చెప్పండి. నంబరు తెలియకపోతే 112కు ఫోన్ చేయండి.
- చనిపోయిన జంతువును ముట్టుకోవద్దు, కోయవద్దు. 48 గంటల గడువు ఉంది కదా అని ఆగకుండా అప్పుడే సమాచారం ఇవ్వండి.

మీ ఊరి బీట్ ఆఫీసర్ ఫోన్ నంబరు ఫారెస్టు ఆఫీసులో గానీ, సచివాలయంలో గానీ అడిగి ఈ రోజే సేవ్ చేసుకోండి. అవసరం వచ్చిన రోజు వెతుక్కునే టైము ఉండదు.